గెలవనోడికేస్తే ఎవరి కాడికి పోవాలె? - వాడ ఓటు లెక్క

2023 నవంబర్ 30న జరిగిన తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో నేను ఏనుగు గుర్తుకు ఓటేసిన. మా అమ్మ వెయ్యలేదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బూత్. నాట్లేసి, కలుపు తీసి, పత్తి ఏరి నన్ను యూనివర్సిటీ దాకా పంపింది ఆమెనే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అంబేద్కర్‌ను నేను చదువుకున్నది ఆమె రెక్కల కష్టం మీద. అటువంటి అమ్మ మన పార్టీకి ఎందుకు వెయ్యలేదని నాకు కోపమొచ్చింది. అడిగిన. "మన పార్టీనే బిడ్డా, కాదన్ననా? గెలవనోడికేస్తే రేపు పొద్దున ఎవరి కాడికి పోవాలె?" అన్నది. ఎవరికేసిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఆ మాట నన్ను వదల్లేదు. మావోళ్ళ ఓటు గురించి పై చదువుల్లో నేను విన్న మాటలు వేరు. ఒక సెమినార్‌లో ఒక పెద్దాయన "వాళ్ళు క్వార్టర్ సీసాకు, ఐదొందల నోటుకు వేస్తారు, ఇందులో పరిశోధించేదేముంది?" అని నవ్వుకుంటూ అన్నాడు. మన సంఘాల్లోనూ ఇంకో రకంగా ఇదే వినపడుతుంది: "మనోళ్ళకు చైతన్యం లేదు." మొదటిది ఎగతాళితో అన్నది, రెండోది బాధతో అన్నది. రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే, వాడ మనిషి ఓటు వెనక ఆలోచన లేదని.

నేను ఇక్కడ చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా వేరు. పార్టీని ఎంచుకునేటప్పుడు వాడ మనిషి ఒక గట్టి లెక్క వేసుకుంటాడు. ఎన్నిక అయిపోయిన తెల్లారి నుంచి ఐదేండ్లు బతకవలసిన బతుకును ముందు పెట్టుకొని వేసే లెక్క అది. దాన్ని అర్థం చేసుకోకుండా మనం పార్టీలు పెట్టినా, సిద్ధాంతాలు రాసినా మళ్ళీ మళ్ళీ దెబ్బ తినక తప్పదు.

పుస్తకాలు చెప్పే కారణాలు

ఓటరు పార్టీని ఎట్లా ఎంచుకుంటాడనే దాని మీద పడమటి దేశాల్లో చాలా పరిశోధన జరిగింది. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో ఒకే మనుషులను నెలల తరబడి మళ్ళీ మళ్ళీ కలిసి అడిగారు. పత్రికల, రేడియో ప్రచారం కన్నా చుట్టూ ఉన్న మనుషుల ప్రభావమే ఓటు మీద ఎక్కువని వాళ్ళకు తేలింది. 1957లో ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త, ఏ పార్టీ అధికారంలో ఉంటే తనకెక్కువ మేలో ఓటరు లెక్కగట్టి వేస్తాడని సూత్రీకరించాడు. 1960లో మిచిగన్ యూనివర్సిటీ పరిశోధకులు, పార్టీ అభిమానం చిన్నప్పుడే ఇంట్లో అబ్బి జీవితమంతా వెంట వస్తుందని చెప్పారు.

మన దేశంలో ఎం.ఎన్. శ్రీనివాస్ 1950లలో మైసూరు ప్రాంతపు గ్రామం గురించి రాస్తూ 'ఓటు బ్యాంకు' అనే మాట వాడారు. ఊరి పెద్ద తన మీద ఆధారపడ్డ వాళ్ళ ఓట్లను మూటగట్టి పార్టీకి అప్పజెప్పడాన్ని ఆయన అట్లా అన్నారు. అంటే బ్యాంకు మీద పెత్తనం ఊరి పెద్దది. తర్వాత తర్వాత ఆ పెద్ద మాయమై, నింద మాత్రం ఓటేసినోళ్ళ మీదికి వచ్చింది. ఇప్పుడు 'ఓటు బ్యాంకు' అంటే దళితులు, ముస్లింలు అన్నట్టుగా మాట్లాడుతున్నారు.

చుట్టూ ఉన్న మనుషులు, ఇంటి అలవాటు, వచ్చే మేలు. ఈ మూడూ మా వాడలోనూ పనిచేస్తాయి, కాదనలేం. కానీ ఆ పుస్తకాల్లోని ఓటరుకు ఓడిపోతే నష్టం లేదు. తన పార్టీ ఓడితే ఆ రాత్రి బాధపడి, తెల్లారి యథావిధిగా పనికి పోతాడు. అమెరికాలోనే దక్షిణాది నల్లజాతి వాళ్ళకు ఆ ధీమా లేదు. 1965 ఓటింగ్ హక్కుల చట్టం వచ్చేదాకా జాబితాలో పేరు ఎక్కించుకోవడానికే ప్రాణాలకు తెగించాల్సి వచ్చింది. మన వాడది కూడా అటువంటి స్థితే. కూలి ఇచ్చేది ఊరు, అప్పు ఇచ్చేది ఊరు, కొట్లాటైతే స్టేషన్‌కు ఫోన్ చేసేది ఊరు. తప్పుడు పార్టీకి వేసినట్టు ఊరికి తెలిస్తే కూలి బందైతది, దారి బందైతది. కాబట్టి వాడ లెక్కలో మేలు ఒక వైపుంటే, ఓడితే వచ్చే కీడు ఇంకో వైపుంటుంది. పుస్తకాలు మొదటిదాన్ని తూచాయి, రెండోదాన్ని తూచలేదు.

పార్టీ వాడకు ఎట్లొచ్చింది

మాది ఉమ్మడి నల్లగొండ జిల్లా. మా తాతకు పార్టీ అంటే ఎర్రజెండా. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో వెట్టి బందు చేయించింది సంఘం. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరు మీద పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటి కన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి. అదే ద్విసభ్య స్థానం నుంచి రిజర్వుడు సభ్యుడిగా సుంకం అచ్చాలు గెలిచారు. "మా నెత్తి మీది వెట్టి ఎవడు దించిండో వానికేసినం" అని తాత చెప్పేవాడు. మేనిఫెస్టో చదివి వేసిన ఓటు కాదది. అయినా ఆలోచన లేని ఓటని ఎవరనగలరు?

మా అవ్వకు పార్టీ అంటే ఇందిరమ్మ. 1971లో 'గరీబీ హఠావో' అన్నారు. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. 1975లో ఇరవై సూత్రాల పథకం వచ్చింది. ఇండ్ల జాగలు, లావుణి పట్టాలు ఆ కాలంలో వాడలకు చేరాయి. పట్టా కాగితం చేతికొచ్చి భూమి మీదికి పోలేనోళ్ళు కూడా చాలామంది. అయినా ఆ కాగితం మా అవ్వ సందుగలో బట్టల కింద భద్రంగా ఉండేది.

ఇక్కడ ఒక విషయం గమనించాలె. ఢిల్లీలో కాంగ్రెస్ అంటే ఇందిరమ్మ, ఊళ్ళో కాంగ్రెస్ అంటే దొర. భూమి ఇస్తనన్నదీ, ఇవ్వకుండా అడ్డం పడ్డదీ ఒకే పార్టీ. బయటి నుంచి చూసేటోళ్ళకు ఇది వింతగా ఉంటుంది. వాడకు మాత్రం ఆశా, భయమూ ఒకే గుర్తు మీద కలిశాయి. చేతికి వేస్తే ఇందిరమ్మ మీది ఆశ నిలుస్తది, దొర కోపమూ తప్పుతది. దళితులు దశాబ్దాల పాటు కాంగ్రెస్‌ను వదలకపోవడానికి ఇది ముఖ్యమైన కారణమని నేను అనుకుంటున్నాను. దానికి అమాయకత్వం అని పేరు పెట్టడం తేలిక.

1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. 1984లో పటేలు పట్వారి వ్యవస్థ రద్దయింది. పట్వారి రాసిందే రాతగా బతికిన మా ప్రాంతంలో అది చిన్న సంగతి కాదు. ఊళ్ళో పెత్తనం చేసేటోళ్ళు కూడా రెండు పార్టీలుగా చీలిన తర్వాత వాడకు మొదటిసారి బేరమాడే జాగ దొరికింది. ఒకడు కాదంటే ఇంకోని కాడికి పోవచ్చు.

ఈ మూడు తరాల్లోనూ పార్టీ వాడకు సిద్ధాంతంగా రాలేదు, ఒక మనిషి రూపంలో వచ్చింది. సంఘపోడుగా, ఇందిరమ్మగా, మండలంలో పని చేయించే నాయకుడిగా వచ్చింది. కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, పింఛను, పాసుబుక్కు ఇవన్నీ హక్కులే. కానీ వాడకు హక్కు తనంతట తాను నడిచి రాదు. ఎవడో ఒకడు ఆఫీసుకు పోయి, నిలబడి, అడగాలె. పిల్లగాణ్ణి స్టేషన్‌కు పట్టుకపోతే రాత్రి పూట ఫోన్ ఎత్తేటోడు కావాలె. వాడ దృష్టిలో పార్టీ అంటే ఆ ఫోన్ ఎత్తే మనిషి. మా అమ్మ అడిగిన 'ఎవరి కాడికి పోవాలె' అన్న మాటకు అర్థం ఇదే.

1994 ప్రశ్న

మన ఉద్యమాన్ని చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ రక్తంలోంచే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేశారు. రాష్ట్రమంతా వాడలు కదిలాయి. 1993 చివర ఉత్తరప్రదేశ్‌లో ములాయం సింగ్‌తో కలిసి బహుజన సమాజ్ పార్టీ అధికారంలో భాగస్వామి అయింది. ఆ ఊపుతో కాన్షీరాం ఆంధ్రప్రదేశ్ మీద ఆశ పెట్టుకున్నారు. 1994 చివరి అసెంబ్లీ ఎన్నికల్లో బీఎస్పీ విస్తృతంగా పోటీ చేసింది. ఒక్క సీటూ రాలేదు. తెలుగుదేశం సొంతంగానే 216 సీట్లు గెలిచింది, కాంగ్రెస్ 26కు పడిపోయింది.

కారంచేడు, చుండూరు చూసిన దళితులు దళిత పార్టీకి ఎందుకు వెయ్యలేదు? 'చైతన్యం లేదు' అన్న జవాబు ఎక్కువగా వినపడింది అప్పుడే. కానీ ఆ ఏడు వాడ ముందు ఏమేమి ఉన్నాయో ఒకసారి చూద్దాం.

మొదటిది బియ్యం. తర్వాతి కాంగ్రెస్ ప్రభుత్వం పెంచిన ధరను మళ్ళీ 2 రూపాయలకు దించుతామన్నది తెలుగుదేశం. కూలి మీద బతికే ఇంటికి ఇది రోజూ తినే లెక్క. రెండోది సారా. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992 నాటికి రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలబడ్డ ఆడోళ్ళలో దళిత స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని ఎన్టీఆర్ మాటిచ్చారు, ప్రమాణ స్వీకారం నాడే దాని మీద సంతకం చేశారు. అంటే ఆ ఆడోళ్ళు తాము చేసిన ఉద్యమానికే ఓటేసుకున్నారు. సారాకు ఓటు అమ్ముకుంటరని నవ్వేటోళ్ళు ఈ ఎన్నికను ఒకసారి గుర్తు చేసుకోవాలె. మూడోది శిక్ష. చుండూరు జరిగిన నాడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్. దాన్ని దించాలంటే చేతికి అందే కర్ర తెలుగుదేశం. కారంచేడు నాడు అధికారంలో ఉన్నది తెలుగుదేశమే కదా అంటే, అవును. ఆ సంగతి వాడకు మనకన్నా బాగా తెలుసు. రెండు చేతులకూ మరక ఉన్నప్పుడు ఏ చెయ్యి బియ్యం పెడుతుందో చూసుకున్నారు.

నాలుగోది సంఖ్య. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీలు 15.93 శాతం. ఉత్తరప్రదేశ్‌లో ఐదో వంతుకు పైనే. అక్కడ వాళ్ళలో సగానికి పైగా ఒకే కులం, చమార్లు. ఇక్కడ మాల, మాదిగ రెండు పెద్ద కులాలు, వాటి మధ్య ఎడం. ఎన్నికలకు కొన్ని నెలల ముందే, 1994 జూలై 7న, ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళే గెలిచే మన పద్ధతిలో, ఊరూరా కొంచెం కొంచెం చెదిరి ఉన్న 16 శాతం, వేరే కులాలు కలవకుండా ఏ సీటూ గెలవదు. 'ఇది గెలవది' అని వాడ వేసిన అంచనా తప్పు కాదు.

చిక్కేమంటే, ఆ అంచనా తనను తానే నిజం చేసుకుంటుంది. గెలవదనుకుంటే ఎవరూ వెయ్యరు, వెయ్యకపోతే గెలవదు. కాన్షీరాంకు ఇది తెలుసు. మొదటి ఎన్నిక ఓడడానికి, రెండోది ఎదుటోణ్ణి ఓడించడానికి, మూడోది గెలవడానికి అని ఆయన కార్యకర్తలకు చెప్పేవారు. వ్యూహంగా మంచిదే. కానీ ఆ మొదటి రెండు ఎన్నికల ఖర్చు ఎవరు భరించాలె? నాయకుడు ఓడితే నాయకుడిగానే ఉంటాడు. ఓడిన పార్టీకి వేసిన వాడ ఐదేండ్లు దిక్కులేనిదైతది.

2023లోనూ ఇదే జరిగింది. గురుకులాల కార్యదర్శిగా మా తరం పిల్లల్లో ఎంతో గౌరవం సంపాదించుకున్న మాజీ ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2021లో బీఎస్పీలో చేరారు. చదువుకున్న పిల్లలం నీలి కండువాలు వేసుకొని తిరిగినం. పార్టీకి ఒక్క సీటూ రాలేదు, సిర్పూర్‌లో ఆయనా ఓడారు. 2024 మార్చిలో ఆయన బీఆర్ఎస్‌లో చేరారు. ఆయన కారణాలు ఆయనకుంటాయి, వాటిని తూచడం ఇక్కడ నా పని కాదు. ఆ వార్త వచ్చిన నాడు మా అమ్మ నన్ను ఏమీ అనలేదు. 'చూసినవా' అని కూడా అనలేదు. అననందుకే నాకు ఎక్కువ తగిలింది.

రిజర్వుడు సీటులో ఎవరి ఓటు

దళితుడు గెలిచే సీట్లు ఉన్నాయి కదా అంటారు. తెలంగాణలో 119కి 19, ఆంధ్రప్రదేశ్‌లో 175కు 29 సీట్లు ఎస్సీ రిజర్వుడు. మా జిల్లాలో తుంగతుర్తి, నకిరేకల్ 2009 ఎన్నికల నుంచి రిజర్వుడు అయ్యాయి. అక్కడ అన్ని పార్టీల అభ్యర్థులూ దళితులే. కాబట్టి 'మనోడు' అన్న కారణం ఓటును తేల్చదు. అందరూ మనోళ్ళే అయినప్పుడు ఏ మనోడు గెలవాలో తేల్చేది ఊరు. నియోజకవర్గంలో ఎక్కువ మంది దళితేతరులే కాబట్టి వాళ్ళకు ఇబ్బంది పెట్టని దళితుడికి పార్టీలు టిక్కెట్టిస్తాయి.

దీని మూలం 1932 సెప్టెంబర్ 24 నాటి పూనా ఒప్పందంలో ఉంది. అంబేద్కర్ అడిగి సాధించిన ప్రత్యేక నియోజకవర్గాల్లో దళిత ప్రతినిధిని దళితులే ఎన్నుకునేవారు. గాంధీ నిరాహార దీక్షతో అది పోయింది. సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, ఎన్నుకునే అధికారం మాత్రం అందరికీ పోయింది. మధ్యే మార్గంగా, దళితులు మాత్రమే ఓటేసే ప్రాథమిక ఎన్నికలో నలుగురిని ఎంచి, వాళ్ళలోంచి అందరూ ఒకరిని గెలిపించే పద్ధతి కొన్నాళ్ళు నడిచింది. 1945-46లో ప్రాథమిక ఎన్నికల్లో ముందున్న షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ అభ్యర్థులు అసలు ఎన్నికల్లో ఓడిపోవడం చాలా చోట్ల జరిగింది. రాజ్యాంగం వచ్చాక ఆ ప్రాథమిక ఎన్నిక కూడా లేకుండా పోయింది. అంబేద్కరే 1952లో ఉత్తర బొంబాయిలో, 1954లో భండారాలో ఓడిపోయారు. పూనా ఒప్పందానికి యాభై ఏండ్లు నిండిన 1982లో కాన్షీరాం 'చంచా యుగం' అని పుస్తకం రాసింది ఈ పద్ధతి తయారు చేసే నాయకుల గురించే.

ఇది వాడ ఓటరుకు పుస్తకం చదవకుండానే తెలుసు. రిజర్వుడు ఎమ్మెల్యే దగ్గరికి పోయేముందు ఆయన వెనకున్న పెద్ద కులపు మండల నాయకుణ్ణి పట్టుకోవాలని తెలుసు. అందుకే ఆ సీటులో కూడా వాడ అభ్యర్థిని చూసి కాక, ఏ పార్టీ ప్రభుత్వం వస్తదో చూసి ఓటేస్తుంది.

పైసలు, పథకాలు

పైసలు తీసుకుంటరా? తీసుకుంటరు. ఒక్క వాడోళ్ళే కాదు, ఊరోళ్ళూ తీసుకుంటరు, పట్నంలో అపార్ట్‌మెంటు సంఘాలూ రంగుల కోసమో బోరు కోసమో తీసుకుంటయి. వాడల్లో నేను చూసిందేమంటే రెండు పార్టీలూ పంచుతయి, రెండింటి దగ్గరా తీసుకుంటరు. రెండింటి దగ్గరా తీసుకున్నంక ఓటు ఒక్క దానికే పడుతది. మరి ఆ ఒక్కటి ఏదో పైసలు ఎట్లా తేలుస్తయి? ఇయ్యకపోతే మాత్రం నష్టం. 'మమ్మల్ని మనుషులుగా లెక్కబెట్టలే' అనే కోపం వస్తుంది. ఊరందరికీ వెయ్యి ఇచ్చి వాడకు ఐదొందలు ఇచ్చిన చోట, ఆ తేడాకే ఓటు తిరగబడ్డ సంగతులు మావోళ్ళు చెప్తరు.

పథకాల సంగతీ అంతే. 2014కు ముందు తెలంగాణ రాష్ట్ర సమితి దళితుణ్ణి ముఖ్యమంత్రిని చేస్తామన్నది. భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలన్నది. మొదటిది జరగలేదు, రెండోది కొద్ది వేల కుటుంబాల దగ్గరే ఆగింది. అయినా 2018లో ఆ పార్టీకి 88 సీట్లొచ్చాయి. దళితులకు మాట తప్పడం అర్థం కాలేదా? అర్థమైంది. కానీ 200 ఉన్న ముసలోళ్ళ పింఛను 2014లో 1000 అయింది. గురుకులాలు పెరిగాయి. రానిదాన్నీ వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. అదే 2018లో మొదలైన రైతుబంధు భూమి ఉన్నోడికి ఎకరాల లెక్కన ఇచ్చింది, కౌలుకు చేసేటోడికీ కూలోడికీ ఇవ్వలేదు. ఎవరికెంత ముట్టిందో వాడ అదీ చూసింది.

2021లో హుజూరాబాద్‌లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇస్తామని మొదలుపెట్టారు. అక్టోబర్ 30న ఉప ఎన్నిక జరిగింది. ఇచ్చిన ప్రభుత్వ పార్టీ ఓడింది, బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్ 23,855 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. దళితులు ఎటు వేశారో ఆ అంకె చెప్పదు. 'పైసలు ఇస్తే ఓటు వస్తది' అనే సూత్రం మాత్రం అక్కడ నిలబడలేదు.

ఇక్కడ ఒక తేడా కనపడుతుంది. నెలనెలా ఖాతాలో పడే పింఛనుకు ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర లేదు. అది తీసుకునే ముసలమ్మ ఓటు నాయకుడి చేతి నుంచి జారిపోయింది, ఆమె ప్రభుత్వాన్నే నేరుగా తూచుతుంది. ఎమ్మెల్యే చేతుల మీదుగా పంచే చెక్కు, ఎమ్మెల్యే మనుషులు రాసే లబ్ధిదారుల జాబితా అట్లా కాదు. అవి మనిషిని మళ్ళీ గుమ్మం ముందు నిలబెడతాయి. హక్కు నేరుగా ఇంటికొచ్చిన కొద్దీ ఓటు స్వేచ్ఛగా మారుతుంది.

రహస్యం ఎంత రహస్యం

ఓటు రహస్యం అంటారు. ఒక్క మనిషి ఓటు రహస్యమే. వాడ ఓటు కాదు. బ్యాలెట్ పత్రాల కాలంలో వేర్వేరు బూత్‌ల పత్రాలు కలిపి లెక్కపెట్టే వీలుండేది. 2004 నుంచి అన్ని చోట్లా ఓటింగ్ యంత్రాలు వచ్చాయి. ఒక్కో యంత్రాన్ని విడిగా లెక్కిస్తారు, బూత్‌వారీ అంకెలు ఫారం 20లో అచ్చవుతాయి. బూత్‌లో వెయ్యి, పన్నెండొందల ఓట్లుంటాయి. వాడ ఒక బూత్‌గా ఉన్న చోట, వాడ ఎటు వేసిందో లెక్కింపు నాటి సాయంత్రానికే ఊరికి తెలుస్తుంది. 'మీ బూత్‌ల మాకు ఎన్ని పడ్డయో చూసినం' అని మొహం మీదనే అంటరు.

దీనికి మందు ఉంది. చాలా యంత్రాల ఓట్లను కలిపి ఒకేసారి మొత్తం చూపే టోటలైజర్ పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. అమలు కాలేదు. దళితుణ్ణి ఫలానా వాళ్ళకే ఓటెయ్యమని బెదిరించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఫలానా వాళ్ళకు ఓటేసినందుకు ఆర్థిక బహిష్కరణ చెయ్యడమూ ఆ చట్టం కింద నేరమే. కానీ అంకెలు చూసి మౌనంగా పని బందు పెడితే దాన్ని ఎట్లా రుజువు చెయ్యాలె? మన సంఘాలు విగ్రహాల గురించి కొట్లాడినంతగా ఈ టోటలైజర్ గురించి కొట్లాడలేదు.

ఇంకో పక్క, ఈ భయంలోనే వాడ ఒక తెలివి నేర్చింది. ఏ పార్టీ ఊరేగింపైనా డప్పు మావోళ్ళదే, జెండాలు మోసేదీ మావోళ్ళే. అన్ని కండువాలూ కప్పించుకుంటరు. ఎవరికేసినం అంటే 'మీకే పటేలా' అంటరు. మా అమ్మ కొడుకుకే చెప్పని మాట ఊరికి చెప్తదా?

ఒక్క వాడ కాదు

'దళిత ఓటు' అని ఒక్క మాటలో అనడం కూడా సరికాదు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం వర్గీకరణ తెచ్చింది, 2000లో చట్టం చేసింది, 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఈ క్రమంలోనే మాదిగలు తెలుగుదేశం వైపు, మాలలు కాంగ్రెస్ వైపు అన్న మాట బలపడింది. అది పూర్తి నిజం ఎన్నడూ కాదు, పూర్తి అబద్ధమూ కాదు. 2023 నవంబర్ 11న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో మాదిగల సభకు ప్రధాని మోదీ వచ్చారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా చట్టం అమలు చేసింది. మాదిగలు 9 శాతం గ్రూపులో, మాలలు 5 శాతం గ్రూపులో ఉన్నారు.

ముప్పై ఏండ్లు ఒక్క డిమాండ్ చుట్టూ మాదిగలు ప్రతి పార్టీతో బేరమాడారు. మాల సోదరులకు ఇది నచ్చకపోవచ్చు. కానీ ఓటు శాస్త్రం చదివేటోళ్ళు ఒకటి చూడాలె: ఇక్కడ బేరం ఒక్కొక్క మనిషి గుమ్మం కాడ జరగలేదు, సంఘం జరిపింది. పార్టీ గెలిచినా ఓడినా సంఘం ఉంటది. పోవడానికి ఒక కాడు ఉంటది.

ఇక మన పని

అమ్మ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పుడు సగం జవాబు ఉంది. గెలవనోడికి వేసిన వాడకు కూడా పోవడానికి ఒక తావు ఉండాలె. పత్రం రాయించే చదువుకున్న పిల్ల, స్టేషన్‌కు వచ్చే వకీలు, పాసుబుక్కు కోసం తహసీల్దార్ ఆఫీసులో కూర్చునే సంఘం. ఇవి ఐదేండ్లూ ఉన్న చోట ఓటరు తన మనసుకు నచ్చిన గుర్తు మీద వేలు పెట్టగలడు. లేని చోట ఎంత అంబేద్కర్‌ను చెప్పినా గెలిచే గుర్తు మీదనే పెడతాడు. తప్పు అతనిది కాదు.

పరిశోధకులకు కూడా ఒక మాట. సర్వేల్లో మనం 'ఎవరికి వేశారు, ఎందుకు వేశారు' అని అడుగుతున్నాం. 'మీరు వేసిన పార్టీ ఓడితే మీకేమవుతుంది' అని కూడా అడగాలె. చదువులేనోళ్ళకే రాజకీయం తెలియదని నమ్మినోళ్ళు ఎవరూ ఇంతవరకు ఆ ప్రశ్న మా వాడకొచ్చి అడగలేదు. అడిగితే మా అమ్మ చెప్తది. ఎవరికేసిందో మాత్రం చెప్పదు.